ఆటోమేటిక్ స్లైడింగ్ డోర్ బండి: వేలు నలగకుండా, కొంగు చిక్కకుండా వాడే పద్ధతి

బటన్ నొక్కితే పక్కకు జరిగే తలుపుల బండ్లు ఇప్పుడు విజయవాడ, గుంటూరు రోడ్ల మీద బాగానే కనిపిస్తున్నాయి. కియా కార్నివాల్, టయోటా వెల్‌ఫైర్ లాంటివి. కొత్తది కొన్నవాళ్లు కొందరే. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నవాళ్లూ, పెళ్లికో తిరుపతికో అద్దెకు మాట్లాడుకునేవాళ్లూ ఎక్కువ. వీళ్లందరూ నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "సెన్సర్ ఉందిగా, పిల్లాడి చెయ్యి పడినా ఏం కాదుగా?"

అవుతుంది. సెన్సర్ ఉన్నా అవుతుంది. ఎందుకు అవుతుందో, అవకుండా ఏ వరసలో ఏం చేయాలో కింద రాస్తున్నాను. మొదటి నాలుగు అంశాలూ ఒక ఆదివారం పొద్దున ఎండ ముదరకముందే ఇంటి దగ్గరే చేసుకోవచ్చు.

1. ముందు మీ తలుపు ఏ రకమో తేల్చుకోండి

పక్కకు జరిగే తలుపులు మూడు రకాలు.

మొదటిది పూర్తిగా చేత్తో లాగేది. మారుతి ఈకో, పాత ఓమ్ని ఇవే. మోటారూ లేదు, సెన్సరూ లేదు. తోసినవాడి బలమంతా, తలుపు బరువంతా మధ్యలో ఉన్న వేలి మీదే పడుతుంది.

రెండోది చేత్తో తోసేదే, కానీ చివరి కొంచెం దూరం మోటారు తనే లోపలికి లాక్కుంటుంది. దీన్ని సాఫ్ట్ క్లోజ్ అంటారు.

మూడోది పూర్తి పవర్ డోర్. రిమోట్, డ్రైవర్ దగ్గరి స్విచ్, లోపలి హ్యాండిల్, బయటి హ్యాండిల్, వీటిలో దేనితోనైనా నడుస్తుంది. అంటే ఒక తలుపును నలుగురు నాలుగు చోట్ల నుంచి కదిలించవచ్చు. నా దృష్టిలో సగం ప్రమాదం ఇక్కడే ఉంది.

మీ బండిలో సాఫ్ట్ క్లోజ్ ఉందో లేదో తెలియకపోతే, తలుపును చేత్తో మెల్లగా దాదాపు మూసేదాకా తెచ్చి వదిలేయండి. "జుయ్" మని తనంతట తనే లోపలికి వెళ్లి బిగుసుకుంటే ఉన్నట్టు.

2. నలిగే చోట్లు నాలుగు

పిల్లల్ని, పెద్దవాళ్లను బండి పక్కన నిలబెట్టి ఈ నాలుగూ వేలితో చూపించండి. మాటలతో చెబితే ఎవరికీ గుర్తుండదు.

*తలుపు ముందు అంచు.* మూసుకునేటప్పుడు ఇది ముందు డోర్ వెనక ఉండే స్తంభాన్ని తాకుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు బండి ఎక్కుతూ సరిగ్గా ఈ స్తంభాన్నే నాలుగు వేళ్లూ లోపలికి పెట్టి పట్టుకుంటారు. ఎక్కి కూర్చున్నాక కూడా చెయ్యి అక్కడే ఉంటుంది. అన్నిటికన్నా ఎక్కువ భయపడాల్సింది దీనికే.

*తలుపు వెనక అంచు.* తెరుచుకునేటప్పుడు తలుపు వెనక చక్రం మీదుగా జరుగుతుంది. అప్పుడు బండి ఒంటికి ఆనుకుని నిలబడ్డ పిల్లాణ్ణి, పక్కన స్టాండ్ వేసిన స్కూటర్‌ను నెట్టేస్తుంది. చాలా బండ్లలో తాకితే పసిగట్టే పట్టీ ముందు అంచుకే ఉంటుంది. తెరుచుకునేటప్పుడు మోటారుకు బరువు తగిలితేనే తలుపు ఆగుతుంది, అంటే కాస్త గట్టిగా నొక్కాకే. మూసేటప్పుడు జాగ్రత్తగా ఉండేవాళ్లు కూడా తెరిచేటప్పుడు పట్టించుకోరు.

*దించిన అద్దం.* కిటికీలోంచి చెయ్యో తలో బయట పెట్టినప్పుడు తలుపు వెనక్కి జరిగితే, అది బండి ఒంటికీ తలుపుకీ మధ్య ఇరుక్కోవచ్చు. అద్దం కొంతవరకు దించి ఉంటే కొన్ని బండ్లలో తలుపు పూర్తిగా తెరుచుకోదు. మీది అలాంటిదో కాదో చూసుకోండి.

*కింది పట్టా.* మెట్టు దగ్గర తలుపు చక్రం నడిచే గాడి. చెప్పులు లేని కాలి వేళ్లు, సంచి తాడు, చున్నీ అంచు ఇక్కడ పడతాయి.

3. బెండకాయ పరీక్ష

సెన్సర్ ఎంతవరకు పనిచేస్తుందో మీ బండి మీదే చూడండి. వేలితో మాత్రం కాదు. కావలసినవి: మడతపెట్టిన తువ్వాలు, ఖాళీ నీళ్ల సీసా, నాలుగు లేత బెండకాయలు, ఒక పాత చున్నీ.

బండిని సమతలంగా ఉన్న చోట ఆపి, గేరు పార్కింగ్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయండి. పిల్లల్ని దూరంగా ఉంచండి. ఒకరు బటన్ దగ్గర, ఒకరు తలుపు దగ్గర ఉండాలి.

1. తువ్వాలును తలుపు దారిలో, నడుము ఎత్తులో పట్టుకోండి. మీ చెయ్యి దూరంగా ఉండాలి. తలుపు తాకి వెనక్కి వెళ్లాలి.
2. సీసాను అలాగే మోకాలి ఎత్తులో, తర్వాత అద్దం ఎత్తులో పెట్టి చూడండి. మూడు ఎత్తుల్లోనూ ఒకేలా స్పందించకపోవచ్చు.
3. బెండకాయ తొడిమను టేపుతో స్తంభానికి అతికించి తలుపు మూయండి.
4. చున్నీ అంచు బయటికి వేలాడేలా పెట్టి మూయండి.

మా బావగారి బండి మీద చేసినప్పుడు తువ్వాలుకు, సీసాకు తలుపు చక్కగా వెనక్కి తగ్గింది. మా మేనల్లుడు చప్పట్లు కొట్టాడు. బెండకాయ దగ్గరికొచ్చేసరికి తలుపు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తెరిచి చూస్తే కాయ మధ్యలో పచ్చడైపోయి, గింజలు నల్లటి రబ్బరు బీడింగ్‌కు అంటుకుని ఉన్నాయి. చప్పట్లు ఆగిపోయాయి. వాడు ఆ రోజు నుంచి స్తంభం మీద చెయ్యి పెట్టలేదు. ఇక చున్నీ సంగతి చెప్పక్కర్లేదు, బీప్ కూడా రాలేదు.

కారణం ఇదీ. తలుపు కదలికకు మోటారు మీద బరువు పెరిగిందా, అంచు పట్టీ నొక్కుకుందా అన్నదే సెన్సర్‌కు తెలుస్తుంది. సన్నటి, మెత్తటి వస్తువుకు ఆ రెండూ సరిపడా జరగవు. పైగా చివరి అంగుళంలో తలుపు గట్టిగా బిగుసుకోవాలి కాబట్టి, అక్కడ వెనక్కి తగ్గకపోవచ్చని బండితో ఇచ్చే పుస్తకాల్లోనే రాసి ఉంటుంది. ఎవరూ చదవరు, అది వేరే విషయం.

*ఈ పరీక్షలో చేసే తప్పు:* వెంటవెంటనే పదిసార్లు అడ్డం పెట్టడం. వరసగా అడ్డం తగిలితే కొన్ని తలుపులు పవర్ ఆపేసి చేత్తో నడిచే స్థితికి వస్తాయి. అది చెడిపోవడం కాదు. చేత్తో పూర్తిగా మూసి, కాసేపాగి మళ్లీ బటన్‌తో చూడండి. తువ్వాలుకు కూడా వెనక్కి తగ్గలేదంటే మాత్రం పవర్ ఆపేసి సర్వీసుకు తీసుకెళ్లండి.

4. సెట్టింగ్స్: ఏది ఆన్, ఏది ఆఫ్

*పవర్ డోర్ మెయిన్ స్విచ్.* సాధారణంగా డ్రైవర్ తల మీద లైట్ల దగ్గరో, డ్యాష్‌బోర్డు మీదో ఉంటుంది. దీన్ని ఆఫ్ చేస్తే తలుపు మామూలు తలుపులా చేత్తో నడుస్తుంది. పసిపిల్లలు ఎక్కువగా ఉన్న ప్రయాణంలో దీన్ని ఆఫ్‌లోనే ఉంచమంటాను. అంత డబ్బు పోసి కొన్నది చేత్తో లాగడానికా అని మా బావగారు అలిగారు. అలిగినా సరే.

*దగ్గరికి వస్తే తెరుచుకునే సదుపాయం.* కొన్ని మోడళ్లలో రిమోట్ కీ ఉన్న మనిషి తలుపు పక్కన మూడు సెకన్లు నిలబడితే చాలు, బీప్ కొట్టి అదే తెరుచుకుంటుంది. కొన్నింటిలో కింద కాలు ఆడించాలి. చేతినిండా సామాన్లున్నప్పుడు హాయిగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మన ఇళ్లలో బండి వరండాకు మూరెడు దూరంలో ఉంటుంది, కీ జేబులో పెట్టుకుని బండి పక్కనే నిలబడి ఫోన్ మాట్లాడతాం, పిల్లలు అదే సందులో ఆడుకుంటారు. ఆఫ్ చేసేయండి.

*చైల్డ్ లాక్.* తలుపు తెరిస్తే దాని అంచులో చిన్న మీట కనిపిస్తుంది. రెండు వైపులా విడివిడిగా వేయాలి. వేశాక లోపల కూర్చుని హ్యాండిల్ లాగి తెరుచుకోవడం లేదని చూడండి. ఇది లోపలి నుంచి తెరవడాన్నే ఆపుతుంది. మూసుకునే తలుపును ఆపదు. ఈ తేడా తెలియక చైల్డ్ లాక్ వేశాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్లను చాలామందిని చూశాను.

*రిమోట్ కీ.* పిల్లల చేతికి ఆడుకోవడానికి ఇవ్వొద్దు. తాతగారి దగ్గర ఒకటి, డ్రైవర్ దగ్గర ఒకటి ఉంటే, ఆ రోజు ఏది వాడాలో ముందే అనుకోండి.

5. ఎక్కే, దిగే వరస

దీనంతటికీ మూలం ఒక్క నియమం: బటన్ నొక్కేవాడి కళ్లు తలుపు మీద ఉండాలి. అద్దంలో చూస్తే చాలదు. డ్రైవర్‌కు ఎడమ తలుపు కింది భాగం కనిపించదు.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, గుంటూరులో ఒక పెళ్లికి వెళ్లినప్పుడు. ఫంక్షన్ హాలు ముందు బండి ఆగింది. వెనక కార్లవాళ్లు హారన్లు. మా పెద్దమ్మ దిగి, పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. బండి నడుపుతున్న మా బావగారు అద్దంలో చూసి, దిగిపోయింది కదా అని బటన్ నొక్కారు. తలుపు కొంగు అంచును పట్టుకుని మెత్తగా మూసుకుంది. బీప్ లేదు, వెనక్కి తెరుచుకోవడం లేదు. బండి రెండడుగులు కదిలింది. పెద్దమ్మ రెండడుగులు పక్కకు నడిచింది. కొబ్బరిబోండాలవాడు వచ్చి బండి మీద అరచేత్తో దబదబా బాదాడు కాబట్టి సరిపోయింది. జరీ అంచు నల్లగా నలిగింది, అంతే. ఇప్పటికీ ఆ చీర కట్టినప్పుడల్లా ఆ మచ్చ చూపిస్తుంది.

ఎక్కేటప్పుడు

- బండి పూర్తిగా ఆగి, గేరు పార్కింగ్‌లో పెట్టాక, ఒకరే తలుపు బాధ్యత తీసుకోవాలి. బయట నిలబడ్డ మనిషి అయితే మంచిది.
- తలుపు పూర్తిగా తెరుచుకుని ఆగాకే ఎక్కాలి. సగంలో దూరడం పిల్లలకు సరదా, అక్కడే గట్టిగా ఉండాలి.
- పెద్దవాళ్లకు స్తంభం బదులు లోపలి పిడిని, అది అందకపోతే ముందు సీటు వీపును పట్టుకోవడం అలవాటు చేయండి.
- మూసేముందు పైకి "చేతులు!" అనాలి. లోపల ఉన్నవాళ్లందరూ చేతులు ఒళ్లో పెట్టుకోవాలి. మా ఇంట్లో పిల్లలు దీన్ని ఆటలా చేస్తారు.
- కొంగు, చున్నీ, పంచె అంచు, బ్యాగు తాడు లోపల ఉన్నాయా అని కిందికి ఒక చూపు.
- అప్పుడు బటన్. తలుపు బిగుసుకునేదాకా అక్కడి నుంచి కదలొద్దు.

దిగేటప్పుడు

- అద్దాలు పైకి ఎత్తి, తర్వాత తలుపు తెరవాలి.
- ముందు పెద్దవాళ్లలో ఒకరు దిగి తలుపు పక్కన నిలబడాలి, తర్వాత పిల్లలు, చివర మిగిలినవాళ్లు.
- అందరూ బండికి రెండడుగుల దూరం జరిగాకే మూయాలి. దిగినవాళ్లు వెనక చక్రం దగ్గర గుమిగూడొద్దు.

అద్దె బండి అయితే ఎక్కకముందే డ్రైవర్‌తో చెప్పండి: "తలుపు మేమే వేసుకుంటాం బాబూ, నువ్వు నొక్కొద్దు." ఏమీ అనుకోడు. అతనికీ టెన్షన్ తగ్గుతుంది.

6. మన రోడ్ల మీద

పక్కకు జరిగే తలుపుకు ఒక మంచి గుణం ఉంది: బయటికి రెక్కలా చాపుకోదు కాబట్టి బైకువాడు వచ్చి గుద్దుకోడు. చెడ్డ గుణం కూడా అదే. మామూలు తలుపు తెరిస్తే వెనకవాడికి అది కనిపిస్తుంది, బ్రేకు వేస్తాడు. ఈ తలుపు తెరిచినా వెనక నుంచి తెలియదు. ఏమీ లేని చోట హఠాత్తుగా మనిషి ప్రత్యక్షమవుతాడు. విజయవాడ బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల, వన్‌టౌన్ సందుల్లో, గుంటూరు అరండల్‌పేట లైన్లలో బైకులు ఎడమ పక్క నుంచి కూడా దూరిపోతాయి. కుడి వైపు ట్రాఫిక్ ఎలాగూ ఉంటుంది, అటు దిగడం మానేయండి. ఎడమ వైపు కూడా తల బయటపెట్టి వెనక్కి చూశాకే అడుగు వేయాలి. హజార్డ్ లైట్లు వేసుకోండి.

ఎడమ పక్క మూత లేని డ్రైనేజీ ఉంటే తలుపు తెరుచుకోగానే పిల్లాడి మొదటి అడుగు అందులోకే. అడుగున్నర దూరం వదిలి ఆపండి.

వాలు మీద ఇంకో సంగతి. ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు, కోటప్పకొండ లాంటి చోట్ల బండి ముక్కు కిందికి ఉంటే, సగంలో ఆపిన తలుపు తన బరువుకే ముందుకు జారి మూసుకోవచ్చు. ముక్కు పైకి ఉంటే వెనక్కి జారి తెరుచుకోవచ్చు. వాలులో తలుపును ఎప్పుడూ సగంలో వదలొద్దు. పూర్తిగా తెరిచి, అది పట్టుకుని నిలబడిందో లేదో చేత్తో కదిపి చూసి, అప్పుడు దించండి.

పెట్రోలు బంకులో ట్యాంకు మూత ఉన్న వైపు తలుపు తెరవొద్దు. వెనక్కి జరిగే తలుపు మూతకూ గొట్టానికీ తగులుతుంది. మూత తీసి ఉంటే తలుపు తెరుచుకోకుండా కొన్ని బండ్లలో అడ్డు ఉంటుంది. ఉందని నమ్ముకోవద్దు.

7. ఇరుక్కుంటే ఏం చేయాలి

కేకలు వినగానే అందరూ చేసే మొదటి తప్పు చేతిని లాగడం. లాగితే చర్మం చీలుతుంది. రెండో తప్పు ఇద్దరు ఒకేసారి రెండు బటన్లు నొక్కడం. ఒకరు తెరవమన్నది ఇంకొకరు మళ్లీ మూయమన్నట్టవుతుంది.

1. ఒకరే, దగ్గరున్న హ్యాండిల్ లాగి తెరవాలి. కదులుతున్న తలుపు చాలా బండ్లలో హ్యాండిల్ లేదా బటన్ మళ్లీ తాకితే ఆగుతుంది, లేదా దిశ మారుస్తుంది. మీ బండిలో ఏది జరుగుతుందో ముందే తెలుసుకుని ఉండాలి.
2. తెరుచుకోకపోతే మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, చేత్తో వెనక్కి లాగాలి. చైల్డ్ లాక్ వేసి ఉంటే బయటి హ్యాండిల్‌తోనే.
3. ఉంగరం ఉంటే వెంటనే తీసేయండి, వాపు వచ్చాక రాదు.
4. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి ఉంచండి. రాకపోతే గుడ్డలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాలు పెట్టండి. పసుపు, కాఫీ పొడి అద్దొద్దు. డాక్టరు వాటిని కడగడానికే సగం సమయం పోతుంది.
5. వేలు వంకర పోయినా, కదపలేకపోయినా, గోరు కింద నల్లగా రక్తం చేరినా, తిమ్మిరిగా ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. తెగితే తెగిన ముక్కను తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, ఆ సంచిని ఐసు నీళ్లలో పెట్టి తీసుకెళ్లండి. ఐసు నేరుగా తగలకూడదు. 108కి ఫోన్ చేయండి.

8. పట్టాలు శుభ్రం

పట్టాలో దుమ్ము చేరితే రెండు రకాల తిప్పలు. అడ్డం లేకపోయినా తలుపు వెనక్కి తగ్గుతుంది, లేదా మధ్యలో ఆగిపోతుంది. పదిహేను రోజులకోసారి పాత టూత్‌బ్రష్‌తో కింది పట్టా గీకి, పొడి గుడ్డతో తుడవండి. జంతికల ముక్కలు, ఇసుక, చాక్లెట్ కాగితాలు వస్తాయి. రబ్బరు బీడింగ్‌ను తడిగుడ్డతో తుడవాలి.

ఒక షెడ్డులో మా బండి పట్టాలకు చక్రాల గ్రీజు దట్టంగా పూసి ఇచ్చారు. వారం తలుపు వెన్నలా నడిచింది. మూడో వారానికి మన దుమ్ము అందులో కలిసి గట్టి ముద్దయింది, తలుపు ఎక్కిళ్లు పెట్టింది. కంపెనీ చెప్పిన చోట, చెప్పిన నూనె, అదీ పలుచగా.

ఆగిపోయిన తలుపుతో మోటారును పోట్లాడనివ్వొద్దు. బటన్ మళ్లీ మళ్లీ నొక్కకండి. 2016లో టయోటా అమెరికాలో 2011 నుంచి 2016 మోడల్ సియెన్నా బండ్లు ఏడు లక్షలకు పైగా మరమ్మతుకు వెనక్కి పిలిచింది (దీన్నే రీకాల్ అంటారు). తెరుచుకునే తలుపుకు ఏదైనా అడ్డం తగిలితే మోటారు మీద భారం పెరిగి ఫ్యూజు పోవచ్చు, ఆ క్షణాన లాక్ విడిపోయి ఉంటే నడుస్తున్న బండిలో తలుపు తెరుచుకోవచ్చు అన్నది అక్కడి సమస్య. ఆ బండి మన దగ్గర అమ్మరు, కానీ మోటారు, ఫ్యూజు, లాక్ ఎక్కడైనా అవే. తలుపు సరిగ్గా పడలేదని డ్యాష్‌బోర్డు మీద బొమ్మ వెలిగితే బండి కదపొద్దు.

బ్యాటరీ తీసి పెట్టాక పవర్ డోర్ మొండికేస్తే కంగారు పడకండి. తలుపు ఎక్కడిదాకా వెళ్లాలో దానికి మళ్లీ నేర్పాలి. ముందు చేత్తో పూర్తిగా మూయండి. మిగతా వరస మోడల్‌ను బట్టి మారుతుంది, బండి పుస్తకంలో ఉంటుంది.

9. సెకండ్ హ్యాండ్ కొనేటప్పుడు

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు నీళ్లలో మునిగాయి. కాబట్టి విజయవాడలో పవర్ డోర్ బండి చూడడానికి వెళ్తే ఇవి తప్పనిసరి:

- కింది పట్టా మూలల్లో ఎండిన బురద, తలుపు అడుగున తుప్పు ఉన్నాయా? మూలన మ్యాట్ ఎత్తి వాసన చూడండి.
- రెండు తలుపులనూ రిమోట్‌తో, స్విచ్‌తో, లోపలి, బయటి హ్యాండిళ్లతో విడివిడిగా తెరిచి మూయండి. ఒక వైపు నెమ్మదిగా, ఒక వైపు వేగంగా ఉంటే ఎందుకో అడగండి.
- తువ్వాలు పరీక్ష అమ్మేవాడి ఎదుటే చేయండి. వద్దంటే ఆ బండే వద్దు.
- చాసిస్ నంబరు రాసుకుని షోరూముకు వెళ్లి, రీకాల్ పనులేమైనా మిగిలాయా, తలుపు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందా అని అడగండి. 2023లో కియా అమెరికాలో 51 వేలకు పైగా కార్నివాల్ బండ్లను పిలిపించింది సరిగ్గా ఈ తలుపుల వల్లే. వెనక్కి తగ్గే ఏర్పాటు ఉండి కూడా మూసుకునే తలుపుతో కొందరికి దెబ్బలు తగిలాయి. సాఫ్ట్‌వేర్ మార్చి సరిచేశారు.
- మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి తలుపును చేత్తో తోయండి. ఇంట్లో ఒంట్లో బలం తక్కువ ఉన్న మనిషి ఎవరైతే వాళ్లతోనే తోయించండి. వాళ్ల వల్ల కాకపోతే, బ్యాటరీ దిగిపోయిన రోజు లోపల ఉన్నవాళ్లు దిగే దారి ఏదో కొనకముందే ఆలోచించుకోవాలి.